ఆరువేల మాటల దూరం

విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్లను ఆనుకుని ఉన్న పుస్తకాల షాపుల్లో ఇంగ్లీషు పదాల పుస్తకాలకు ఏడాది పొడుగునా గిరాకీయే. బ్యాంకు పరీక్షకొకటి, ఎస్సెస్సీకొకటి, జీఆర్‌ఈకొకటి, ఐఈఎల్‌టీఎస్‌కొకటి. అక్కడ కొన్న పుస్తకం అన్న చేతిలోంచి తమ్ముడి చేతికి, అతని నుంచి స్నేహితుడి చేతికి మారుతూ చోడవరం మీదుగా మాడుగుల చేరుతుంది. అలా చేరిన పుస్తకాన్ని ఒకసారి తిరగేసి చూడండి. మొదటి ముప్పై నలభై పేజీలు నలిగి, పెన్సిలు గీతలతోనూ మార్జిన్లో రాసుకున్న తెలుగు అర్థాలతోనూ నిండి ఉంటాయి. 'బి' అక్షరం దాటాక కాగితం కొత్తగానే ఉంటుంది. ముగ్గురు చదివిన పుస్తకమైనా ముగ్గురూ అక్కడే ఆగి ఉంటారు.

పిల్లలకు పట్టుదల లేకపోవడం దీనికి కారణం అనుకోను. అరుదైన మాటల్ని అక్షరక్రమంలో పేర్చి, వాటితో మొదలుపెట్టించడంలోనే లోపం ఉంది. పై స్థాయి ఇంగ్లీషు అనగానే ఎవరూ వాడని మాటలు మనకు గుర్తుకొస్తాయి. మాడుగులలో ఇంటర్ చదివే పిల్లకీ, అనకాపల్లిలో డిగ్రీ చదివే కుర్రాడికీ నిజంగా అడ్డుపడుతున్నవి వేరే. రోజూ పత్రికలో కనబడేవి, పాఠ్యపుస్తకంలో ప్రతి పేజీలో ఉండేవి, అయినా బడిలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పనివి, ఆ మధ్యస్థాయి మాటలే వాళ్లని ఆపుతున్నాయి. ఈ ప్రశ్న మీద వందేళ్లుగా పని జరుగుతోంది. ఆ పనిలో మాడుగుల లాంటి ఊళ్లో చదువుకునేవారికి ఏది అక్కరకొస్తుందో, ఏది డబ్బు దండగో చూద్దాం.

ముందు లెక్క. న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ మాటల్ని కుటుంబాలుగా లెక్కపెడతాడు. హెల్ప్, హెల్ప్‌ఫుల్, హెల్ప్‌లెస్ అన్నీ కలిపి ఒక కుటుంబం. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే మొదటి రెండు వేల కుటుంబాలు తెలిస్తే ఏ సాధారణ రచనలోనైనా ఎనభై శాతానికి పైగా మాటలు తెలిసినట్టే. కానీ ఎవరి సాయమూ లేకుండా నవలో పత్రికో చదివి అర్థం చేసుకోవాలంటే 98 శాతం మాటలు తెలియాలని, దానికి ఎనిమిది నుంచి తొమ్మిది వేల కుటుంబాలు కావాలని 2006లో ఆయన లెక్క తేల్చాడు. మాట్లాడుకునే ఇంగ్లీషుకైతే ఆరేడు వేలు. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగి విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారికి దాదాపు పదిహేడు వేలు తెలుస్తాయని 1990లో వచ్చిన మరో అధ్యయనం అంచనా.

ఈ శాతాల్ని దినపత్రిక కాలమ్ మీద పెట్టి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక కాలమ్ వరుసలో ఐదారు మాటలు పడతాయి. ఎనభై శాతం తెలిసిన పిల్లకి వరుసకొక మాట తెలియదు. తొంభై శాతం తెలిస్తే రెండు వరుసలకొకటి. 98 శాతం తెలిస్తే ఎనిమిది తొమ్మిది వరుసలకొకటి, అప్పుడే చదువు కుంటుపడకుండా సాగుతుంది. పైగా ఆ తెలియని మాట ఏ 'ఆఫో' 'వితో' అయి ఉండదు. వార్తకు ప్రాణమైన క్రియ అదే అయి ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో శ్రద్ధగా చదివిన పిల్లలకు రెండు మూడు వేల కుటుంబాలు వస్తాయని నా అంచనా. అంటే మూడు వేల నుంచి తొమ్మిది వేల దాకా ఉన్న ఆరువేల మాటలే అసలు ప్రయాణం. రోజుకు ఐదు మాటల చొప్పున అది పన్నెండు వందల రోజులు. ఇంటర్ మొదటి ఏడాదిలో మొదలుపెట్టిన పిల్ల డిగ్రీ రెండో ఏడాదికి చేరుకోగలదు. నెల రోజుల్లో మూడు వేల పదాలు అని అట్టమీద రాసిన పుస్తకాలు చేసే హాని ఏమిటంటే, చేయగలిగిన ఈ పనిని కూడా చేయలేనిదిగా కనిపించేట్టు చేస్తాయి.

మాటల్ని ఏ వరుసలో నేర్పాలి అనే ఆలోచనకు బలమైన పునాది పడింది అవిభక్త భారతదేశంలోనే, అప్పటి బెంగాల్‌లో. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు విద్యాధికారి ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లీషు చదివి కూడా ఒక పుస్తకాన్ని ఇష్టంగా చదవలేకపోవడం గమనించాడు. వాచకాల్లో కొత్త మాటలు గుంపులుగా వచ్చిపడతాయి, ఒకసారి కనబడి మళ్లీ కనబడవు, ఇదీ ఆయన పట్టుకున్న కారణం. 1926లో తన పరిశీలనల్ని పుస్తకంగా వేశాడు. అరుదైన మాటల్ని తీసేసి వాడుక మాటలు పెట్టి, కొత్త మాటను మళ్లీ మళ్లీ వచ్చేలా చేసి వాచకాలు తయారుచేశాడు. 1935లో ఆయన తెచ్చిన నిఘంటువు ఇరవై నాలుగు వేల మాటలకు, పదబంధాలకు కేవలం 1,490 మాటలతో అర్థాలు చెప్పింది. ఆయన పేరుతో 1953లో వచ్చిన రెండు వేల మాటల జాబితా దశాబ్దాలపాటు ప్రపంచమంతా ఇంగ్లీషు బోధనకు మూలమైంది. ఢాకా పిల్లల కోసం మొదలైన ఈ పని మన బడుల్లోకి మాత్రం సరిగా రాలేదు. ఒక పాఠంలో పదిహేను కొత్త మాటలు గ్లాసరీ పెట్టెలో వేసి, వచ్చే పాఠంలో వాటి ఊసే ఎత్తని వాచకాలు ఇప్పటికీ వస్తున్నాయి.

వెస్ట్ దారిలోనే నేర్చుకునేవారి నిఘంటువులు పుట్టాయి. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు చెబుతూ తయారుచేసిన నిఘంటువును ఆక్స్‌ఫర్డ్ 1948లో తన పేరుతో తెచ్చింది. 1978లో లాంగ్‌మన్ రెండు వేల మాటల్లోనే అర్థాలన్నీ చెప్పింది. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ బృందం తెచ్చిన కోబిల్డ్, అర్థాన్ని పూర్తి వాక్యంగా రాసింది. ఫలానా మాట ఎలాంటి మాటల పక్కన కూర్చుంటుందో ఆ వాక్యంలోనే తెలిసిపోతుంది. మన వైపు నుంచి బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులు, బూదరాజు రాధాకృష్ణ ఆధునిక వ్యవహారకోశం ఉన్నాయి. వీటిలో ఏది కొనాలని పిల్లలు అడుగుతుంటారు. రెండు రకాలూ కావాలి. మొదటిసారి మాట తగిలినప్పుడు తెలుగు అర్థం చప్పున బుర్రకెక్కుతుంది, దాన్ని ఇంగ్లీషులోనే నేర్చుకోవాలని పట్టుబట్టడంలో లాభం లేదు. ఆ మాటను తిరిగి వాడాలనుకున్నప్పుడు మాత్రం తెలుగు అర్థం చాలదు, అక్కడ ఆక్స్‌ఫర్డో కోబిల్డో తెరవాలి. వానకు హెవీ చేరుతుంది, గాలికి స్ట్రాంగ్ చేరుతుంది. 'కాజ్' అనే క్రియ తర్వాత ఎక్కువగా నష్టం, ప్రమాదం, గొడవ లాంటి చెడ్డవే వస్తాయని సింక్లెయిర్ బృందం కంప్యూటర్లో పోగేసిన కోట్ల మాటల్ని వెదికి తర్వాతి పరిశోధకులు చూపించారు. ఆనందానికి ముందు 'కాజ్' పెడితే వ్యాకరణం తప్పు కాదు, కానీ వినేవాడికి ఎక్కడో గుచ్చుకుంటుంది. ఇవి ఏ రెండు గడుల జాబితాలోనూ పట్టవు.

మధ్యస్థాయి మాటల్లో చదువుకు సంబంధించినవాటికి ప్రత్యేకమైన జాబితా ఒకటుంది. 2000లో ఆవరిల్ కాక్స్‌హెడ్ తయారుచేసింది. 570 కుటుంబాలే, కానీ కాలేజీ పుస్తకాల్లో దాదాపు పది శాతం మాటలు ఇవే. అనలైజ్, అస్యూమ్, డిరైవ్, సిగ్నిఫికెంట్, కాన్‌స్టిట్యూట్ లాంటివి. చరిత్రలోనూ ఇవే, ఫిజిక్సులోనూ ఇవే, వాణిజ్యశాస్త్రంలోనూ ఇవే. ఇంటర్లో ఇంగ్లీషు మీడియంలో చేరిన తెలుగు మీడియం పిల్లలు మొదటి మూడు నెలలు విలవిల్లాడేది వీటి దగ్గరే. శాస్త్ర పరిభాష అంత ఇబ్బంది పెట్టదు. త్వరణం అంటే ఏమిటో తెలిసిన పిల్లకి యాక్సెలరేషన్ కొత్త పేరు మాత్రమే. కిరణజన్య సంయోగక్రియ తెలిస్తే ఫొటోసింథసిస్ సగం వచ్చినట్టే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వేసిన పారిభాషిక పదకోశాలు ఈ వంతెనకు ఎప్పటినుంచో ఉన్నాయి, వాటిని తిరగేయించే లెక్చరర్లే తక్కువ. 'అస్యూమ్', 'డిరైవ్' మాత్రం ఏ పరిభాషలోకీ రావు, ఏ ఇంగ్లీషు పాఠంలోకీ రావు. ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలుసనుకుంటారు.

ప్రభుత్వ విధానాలు ఈ చోటనే తప్పిపోయాయి. 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 85 ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వాదంలో రెండు పక్షాలూ మాట్లాడింది మీడియం గురించే, పిల్లవాడికి ఏడాదికి ఎన్ని మాటలు వస్తున్నాయన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. 2023లో అమెరికా పరీక్షా సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని మూడో తరగతి నుంచి టోఫెల్ పెట్టారు. పరీక్ష వస్తే మాటలు వస్తాయని అనుకోవడం గుర్రం ముందు బండి కట్టడమే. ఆ వరసలో వచ్చినవాటిలో నాకు మంచివనిపించినవి ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు అచ్చువేసిన పాఠ్యపుస్తకాలు. ఒకే పాఠాన్ని రెండు భాషల్లో పక్కపక్కన చూసే పిల్ల ఎవరూ చెప్పకుండానే మాటల్ని జతచేసుకుంటుంది.

మాడుగులలో ఇంటర్ రెండో ఏడాది చదివే ఒకమ్మాయి పదాల నోటు పుస్తకం చూశాను. ఎర్ర గీతకు ఇవతల ఇంగ్లీషు మాట, అవతల తెలుగు అర్థం. చక్కని దస్తూరీ. 'సస్టెయిన్' అనే మాటకు ఎదురుగా 'నిలబెట్టు' అని ఉంది. రోడ్డు ప్రమాదం వార్త చదువుతుంటే అదే మాట మళ్లీ తగిలింది.

“ఇదేటి సార్, గాయాల్ని నిలబెట్టడం ఏటి?” అంది.

“ఇక్కడ గాయాలు తగిలాయనమ్మా. ఈ మాట నీకు ఇంకెక్కడైనా కనబడిందా?”

కాసేపు ఆలోచించింది. “సోషల్లో ఉంటాది సార్, సస్టెయినబుల్ డెవలప్‌మెంట్ అని. అదీ ఇదీ ఒకటేనేటి?”

ఒకటే. ఆ మాట లోపల ఉన్నది కిందనుంచి పట్టుకుని మోయడం అనే లాటిన్ భావం. గాయాన్ని మోసినవాడు సస్టెయిన్ చేశాడు. పంటభూమిని రాబోయే తరానికి కూడా మోయగలిగే సేద్యం సస్టెయినబుల్. కోర్టులో లాయరు అభ్యంతరాన్ని జడ్జి సస్టెయిన్ చేశాడంటే దాన్ని పడిపోనివ్వలేదని. ఆ అమ్మాయి నోటులో ఒక్క గడికి బదులు సగం పేజీ ఈ మాటకిచ్చింది. పత్రికలోంచి ఒక వాక్యం, సోషల్ పుస్తకంలోంచి ఒకటి, తను సొంతంగా రాసినది ఒకటి. కింద దాని చుట్టాలు: కంటెయిన్, రిటెయిన్, డిటెయిన్, అబ్‌స్టెయిన్. అన్నిటిలోనూ పట్టుకోవడమే ఉంది. లోపల పట్టుకుంటే కంటెయిన్, వదలకుండా పట్టుకుంటే రిటెయిన్, కదలనీయకుండా పట్టుకుంటే డిటెయిన్, తనను తాను దూరంగా పట్టుకుంటే అబ్‌స్టెయిన్. రోజుకు ఐదు మాటలంటే ఐదు గడులు నింపడం కాకుండా ఇలాంటి సగం పేజీ ఒకటి, మిగతా నాలుగు మామూలుగా రాసుకున్నా చాలు.

రాసుకున్నది నిలవాలి కదా. ఇక్కడ మనస్తత్వశాస్త్రం ఇచ్చిన జవాబు చాలా గట్టిది, దాన్ని మన పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం బాధాకరం. 2008లో కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు నలభై స్వాహిలీ మాటల్ని ఇంగ్లీషు అర్థాలతో నేర్పారు. మాట వచ్చేసిన తర్వాత కూడా చూడకుండా గుర్తుచేసుకోమని పదే పదే అడిగిన వాళ్లకి వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తున్నాయి. గుర్తుచేసుకోవడం ఆపేసి, ఉత్తినే మళ్లీ మళ్లీ చదివిన వాళ్లకి దాదాపు మూడో వంతే మిగిలాయి. పుస్తకం ముందు పెట్టుకుని పైకి చదవడం మన ఇళ్లలో చదువుకు గుర్తు. అందులో సగం సమయం పుస్తకం మూసి, అర్థాన్ని బట్టి మాట చెప్పగలనా అని తనను తాను ప్రశ్నించుకుంటే ఫలితం రెండింతలు. అలా ప్రశ్నించుకునే ఎడం రోజు, మూడు రోజులు, వారం, నెలగా పెంచుకుంటూ పోవాలి. ఎబ్బింగ్‌హౌస్ మరపు మీద చేసిన పని 1885 నాటిది, లైట్నర్ అట్టముక్కల పెట్టెల పద్ధతి 1972 నాటిది, ఆంకీ అనే యాప్ 2006 నుంచి ఉంది. ఆంకీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితం. ఫోన్ లేకపోతే పాత పెళ్లి శుభలేఖల్ని చీటీలుగా కోసి, అయిదు చెప్పుల పెట్టెల్లో వేసుకున్నా సరిగ్గా అదే పని జరుగుతుంది.

వ్యుత్పత్తి దారిలో నేర్పే పుస్తకాల్లో నార్మన్ లూయిస్ 1949లో రాసిన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ'కి మన దగ్గర సాటి లేదు. లాటిన్, గ్రీకు ధాతువులతో మాటల్ని విడదీసి చూపే పుస్తకం. మంచి పుస్తకమే, కానీ అమెరికన్ పాఠకుడి కోసం రాసినది. తెలుగు పిల్లకి అంతకంటే దగ్గరి దారి ఉంది. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ మూలం ఒకటే, మన తత్సమాలు సంస్కృతం నుంచి వచ్చాయి. దంతం తెలిసినవాడికి డెంటల్, నామం తెలిసినవాడికి నామినల్, పాదం తెలిసినవాడికి పెడల్, మాతృ తెలిసినవాడికి మెటర్నల్, భ్రాతృ తెలిసినవాడికి ఫ్రటర్నల్ పరాయివి కావు. నవ నుంచి నావెల్‌కు, మధ్య నుంచి మీడియంకు, త్రి నుంచి ట్రైయాంగిల్‌కు, అంతర్ నుంచి ఇంటర్‌నల్‌కు, జ్ఞానం నుంచి కాగ్నిషన్‌కు దారి ఉంది. ఉపసర్గల సంగతి తెలుగు వ్యాకరణం చదివిన పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ జతల్ని పెట్టి తెలుగు పండితుడూ ఇంగ్లీషు మాస్టారూ కలిసి ఒక క్లాసు చెప్పగలరు. ఏ హైస్కూల్లోనైనా అలా చెబితే చూడాలని నా కోరిక. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలిపేయకూడదు, నిఘంటువులో వ్యుత్పత్తి చూసి రూఢి చేసుకోవాలి. అంత జాగ్రత్త చాలు.

తత్సమాల కంటే పెద్ద పెట్టుబడి ఇంకోటి మన ఇళ్లలోనే ఉంది. భూమి కొనేముందు ఈసీ తీయించారా అని మాడుగులలో ఏ రైతైనా అడుగుతాడు. ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ భూమి మీద అప్పో తాకట్టో ఉందా లేదా చెప్పే కాగితం. జీఆర్‌ఈ పుస్తకంలో 'ఎన్‌కంబర్' అనే మాట కష్టమైనవాటి పక్కన ఉంటుంది. దాన్ని బట్టీపట్టే కుర్రాడికి అది తన ఇంటి ఇనప్పెట్టెలో ఉన్న కాగితమని తట్టదు. మ్యుటేషన్ అంటే పాసు పుస్తకంలో పేరు మారడమని తండ్రికి తెలుసు, జీవకణంలో మార్పు అని బైపీసీ చదివే కొడుక్కి తెలుసు, రెండూ ఒకటేనని ఇద్దరూ అనుకోరు. పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితంలో టాక్సిక్, యాంటిడోట్ ఉంటాయి. మాడుగుల హల్వా పార్సిల్ పెట్టె మీద ఇంగ్రీడియెంట్స్, బెస్ట్ బిఫోర్ ఉంటాయి. తెలుగు మాటల్లో కలిసిపోయిన అప్పీలు, స్టే, ష్యూరిటీ, సబ్సిడీ, టెండరు, ఎలిజిబిలిటీ అన్నీ మధ్యస్థాయి మాటలే. ఈ ఇంట్లో ఉన్న ఇంగ్లీషు మొత్తాన్ని ఒక నోటులో దించి, స్పెల్లింగ్ కలిపి చూసుకుంటే చాలామంది పిల్లలు తాము అనుకున్నదానికంటే ముందున్నామని తెలుసుకుంటారు. కొన్ని మాటలు మన నోట అర్థం మార్చుకున్నాయి. మనం అడిగే డౌట్ చాలాసార్లు ప్రశ్న, సందేహం కాదు. ఫీలవ్వడం మనకి నొచ్చుకోవడం, కరెంటు మనకి విద్యుత్తు. ఇలాంటివాటిని పక్కన ఒక గుర్తు పెట్టుకుని విడిగా నేర్చుకోవాలి.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. రాసినట్టే పలికే లిపి మనది, అందుకే చదివి నేర్చుకున్న ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరం పలుకుతాం. కొత్త మాట నేర్చుకున్న రోజే నిఘంటువు యాప్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి వినాలి. తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

అరుదైన మాటల మీద మోజు పోటీ పరీక్షల నుంచి వచ్చింది, అయితే ఆ పరీక్షలే మారిపోయాయి. జీఆర్‌ఈలో వ్యతిరేక పదాలు, పోలికల ప్రశ్నలు 2011 ఆగస్టులో తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీ ఇచ్చి, సందర్భాన్ని బట్టి మాట ఎంచుకోమంటారు. ఐఈఎల్‌టీఎస్ రాత, మాట పరీక్షల్లో నాలుగో వంతు మార్కులు పదాల మీద పెడతారు, అందులోనూ మాట వాక్యంలో పొసగిందా లేదా అనేది ముఖ్యం. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల్లో క్లోజ్ టెస్ట్, పేరా చదివి జవాబు రాయడం ప్రధానం. ఎస్సెస్సీలో ఇంకా ఒక మాటకు సమానార్థకాలు, వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్ అడుగుతారు కనక ఆ పరీక్ష రాసేవారికి చిన్న జాబితా తప్పదు.

అరుదైన మాటల్లో తెలుగు పిల్లలు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచిన చోటు ఒకటుంది, అమెరికాలో స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ. 2002లో ప్రత్యూష్ బుద్ధిగ, 2012లో స్నిగ్ధ నందిపాటి, 2013లో అరవింద్ మహంకాళి, 2018లో కార్తీక్ నెమ్మాని, 2024లో బృహత్ సోమ గెలిచారు. ఫ్లోరిడాలో ఏడో తరగతి చదువుతున్న బృహత్ సోమ చివరి రౌండులో తొంభై సెకన్లలో 29 మాటల స్పెల్లింగులు సరిగ్గా చెప్పాడు. ఈ విజయాల వెనుక రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఉంది. భారతదేశంలో పేద విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇవ్వడానికి పుట్టిన ఆ సంస్థే అమెరికాలో పిల్లలకు స్పెల్లింగు, పదసంపద పోటీలు పెట్టి వాళ్లని తయారుచేసింది. ఆ పిల్లలు నేర్చుకునే తీరు చూడండి. మాటల్ని ఒక్కొక్కటిగా బట్టీపట్టరు. మాట ఏ భాష నుంచి వచ్చింది, ఆ భాషలో ఈ ధ్వనిని ఎలా రాస్తారు అని అడిగి పట్టుకుంటారు. 2013 నుంచి అర్థాల ప్రశ్నలు కూడా చేరాయి. వాళ్ల పద్ధతి మనం తీసుకోవచ్చు. కానీ వాళ్లు ఎక్కే మాటల మీదికి మనం ఎగబాకనక్కర్లేదు. ఆ పిల్లలకు తొమ్మిది వేల మాటలు ఇంట్లో, బడిలో, ఆటలో వచ్చేశాయి, ఆ పైన వాళ్లు కట్టుకున్నది ఆ పోటీ.

ఇంగ్లీషు మాటల్ని దర్పానికి వాడేవాళ్లని ఈ ప్రాంతం బాగా ఎరుగును. తన నాటకంలో వెంకటేశానికి ఇంగ్లీషు చెప్పే నెపంతో ఇల్లు చేరే గిరీశాన్ని సృష్టించిన గురజాడ అప్పారావు పుట్టింది ఇప్పటి అనకాపల్లి జిల్లాలోనే, ఎస్.రాయవరంలో. ఆయన మొదట ఇంగ్లీషులో కవిత్వం రాశాడు, 1883లో 'సారంగధర' అచ్చయింది. మాతృభాషలో రాయమని కలకత్తా నుంచి శంభుచంద్ర ముఖర్జీ సలహా ఇచ్చాడు. తెలుగులోకి వచ్చాక కూడా ఆయన డైరీలు, ఉత్తరాలు ఇంగ్లీషులోనే నడిచాయి. రెండు భాషలూ ఒకదానికొకటి బలమిచ్చిన మనిషి ఆయన. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తి ఇంకా పెద్ద ఉదాహరణ. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర భాష మాట్లాడేవాళ్లని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని, మళ్లీ వాళ్లతోనే మాట్లాడి ఆ భాష నేర్చాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. వినడం, రాసుకోవడం, వాడి చూడడం తప్ప ఆయన దగ్గర ఏ కిటుకూ లేదు.

అన్నిటికంటే ఎక్కువ మాటలు తెచ్చేది చదవడమే. ఒక మాట నిలవాలంటే వేర్వేరు చోట్ల ఎన్నిసార్లు ఎదురుపడాలన్న దానికి పరిశోధకుల అంచనాలు ఆరు నుంచి ఇరవై దాకా ఉన్నాయి. ఆరువేల మాటలు ఒక్కొక్కటి పదిసార్లు ఎదురుపడాలంటే ఏ నోటు పుస్తకమూ చాలదు, పుస్తకాల రాశి కావాలి. ఫిజీ దీవుల్లో పల్లె బడుల్లో 1980ల మొదట్లో ఎల్లీ, మంగుభాయ్ అనే ఇద్దరు ఈ ప్రయోగం చేశారు. నాలుగు, ఐదు తరగతులకు తరగతికి 250 ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకాలిచ్చి, రోజూ చదవనిచ్చారు. మామూలు పాఠాలు చదివిన బడుల పిల్లల్ని వాళ్లు చాలా వెనక్కి నెట్టేశారు. ఆ పల్లెల్లో ఇంట్లో ఇంగ్లీషు వినబడదు, టీచర్లకూ అది మాతృభాష కాదు. అంటే మాడుగుల పరిస్థితే.

పెద్ద పిల్లలకు ఇంకో దారి ఉంది. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖలోనే పుట్టింది, హిందూకి విశాఖ ఎడిషన్ ఉంది. పొద్దున్నే తెలుగు పత్రికలో ఒక వార్త చదివి, అదే వార్తను ఇంగ్లీషు పత్రికలో చదివితే విషయం ముందే తెలుసు కనక తెలియని మాట అర్థం దానంతటదే ఊహకొస్తుంది. ఒకే విషయాన్ని పది రోజులు వెంటాడితే, చెరకు ధర గానీ క్రికెట్ సిరీస్ గానీ ఉక్కు ఫ్యాక్టరీ గానీ, అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. వెస్ట్ తన వాచకాల్లో కష్టపడి చేసిన పని పత్రిక తనంతట తానే చేసిపెడుతుంది. చిన్న పిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో అదే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతుంది.

పుస్తకాల రాశికి డబ్బెక్కడిది అంటే, మనం కడుతూనే ఉన్నాం. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టినవాళ్లు పల్లెపల్లెకూ పుస్తకం చేర్చాలనుకున్నారు. ఆ వారసత్వంగా వచ్చిన శాఖా గ్రంథాలయాల్లో కుర్రాళ్లు నేడు వెతుక్కునేది పోటీ పరీక్షల గైడ్లనే. ఒక్కో శాఖకు రెండు వందల యాభై సులభ ఇంగ్లీషు పుస్తకాలు, స్థాయి అంకె వేసి, బయటికి ఇచ్చేలా పెట్టమని ఊరివాళ్లు అడగాలి. కోచింగ్ సెంటర్ ఒకరిద్దరి దగ్గర తీసుకునే ఫీజుతో ఒక బడికి సరిపడా పుస్తకాలు వస్తాయి.

ఇంతవరకు చెప్పిందంతా ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల గురించి. మాడుగుల పాడేరు మన్యానికి గుమ్మం. కొండ దిగి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో ఇంట్లో కువి, కుపియా, ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్లు ఉంటారు. వాళ్లకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. తెలుగు అర్థంతో ఇంగ్లీషు నేర్చుకోమన్న నా సలహా వాళ్లకి సగమే పనికొస్తుంది. తత్సమాల వంతెన కూడా అంతగా అక్కరకు రాదు. 2003-04 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం కువి, ఆదివాసీ ఒరియా, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చింది. పై తరగతులకొచ్చేసరికి ఆ భాషలు మాయమవుతాయి. ఏడో తరగతి కువి పిల్లకి కాక్స్‌హెడ్ 570 మాటల్ని కువిలోనూ తెలుగులోనూ చెప్పే చిన్న పుస్తకం కావాలి. కువి తెలిసిన టీచర్లు పాడేరులోనే ఉన్నారు, ఆ పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుంటే రెండు వేసవి సెలవుల్లో అయ్యే పని అది.